పురప్రతినిధిని బంట్రోతును చేసితిమి

2020 జనవరి 22వ తేదీన తెలంగాణ రాష్ట్రమునందలి పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగెను. నాడు ఏర్పడిన సభల అయిదేండ్ల గడువు 2025 జనవరిలో ముగిసెను. గడువు తీరక పూర్వమే క్రొత్త ఎన్నిక ముగింపవలెనని రాజ్యాంగమునందలి 243-యు అధికరణము శాసించుచున్నను, ఆ ఎన్నిక సకాలమున జరుగలేదు. పట్టణములు ప్రత్యేకాధికారుల చేతిలోనికి పోయెను. ఇల్లందు పట్టణములోని 24 వార్డుల సభ్యులును ఒక్క దినముతో మాజీ సభ్యులైరి. ఇట్లు జరుగుట మొదటిసారియు గాదు. 2014లో ఏర్పడిన సభల గడువు 2019 జూలైలో ముగిసినపుడును ఆఱు మాసములకు పైగా ప్రత్యేకాధికారులే పట్టణముల నేలిరి.

ఇందు వింత గొలుపునది ప్రభుత్వము చేసిన జాప్యము గాదు. జాప్యము ప్రభుత్వములకు పుట్టుకతో వచ్చిన గుణము. వింత గొలుపునది చదువుకొన్న గృహస్థులు వెలిబుచ్చిన సంతృప్తి. "మంచిదే ఆయెను. కౌన్సిలర్ల పీడ వదలినది. ఉన్న అయిదేండ్లలో వీరు చేసినదేమి? మంచి అధికారి యొక్కడున్న చాలును, పని తానే సాగును" అని విశ్రాంతి గొన్న ఉద్యోగులును, అంగళ్ల యజమానులును, పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులును గూడ అనుచుండుట మనమందఱము వినినదే. ఈ మాట వినుటకు సాదాగా నుండును. దీని యర్థము మాత్రము సాదాయైనది గాదు. ఓటుహక్కు కొంతకాలము మన చేతినుండి జాఱిపోగా మనమే హాయిగా నూపిరి పీల్చితిమనుట దీని యర్థము. ఈ మాట తప్పనియు, ఈ తప్పునకు వేరు కౌన్సిలరు నడవడిలో కంటె మన నడవడిలోనే లోతుగా దిగియున్నదనియు చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

"వీరు చేసినదేమి?" అని గదా ప్రశ్న. కావున మొదట కౌన్సిలరు దినమెట్లు గడచునో చూతము. ఇది ఫలానివాని చరిత్ర గాదు. ఇల్లందులో ఏ వార్డున విచారించినను ఇంచుమించుగా దొరకు దినచర్య.

తెల్లవాఱకమునుపే ఫోను మ్రోగును. "అన్నా, నల్లా రాలె" అని ఒక యిల్లాలు. నీరు విడుచువానిని నిద్ర లేపి, వాల్వు త్రిప్పించి, ఆ వీధికి నీరు వచ్చెనని తెలిసికొనులోపల రెండవ వీధినుండి మఱియొక ఫోను. సూర్యోదయమునకు చెత్తబండి వెంట నిలువవలెను. సఫాయి కార్మికులలో ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో చూడవలెను. మోరీ నిండి ఎవరి వాకిట పొర్లినదో అక్కడకు పోయి ముక్కు మూసికొనక మాటాడవలెను. ఎనిమిది గంటలకు ఇంటి అరుగుమీద పదిమంది కాచుకొనియుందురు. ఒకరికి రేషను కార్డులో కోడలి పేరు చేర్పింపవలెను. ఒక వృద్ధురాలికి పింఛను ఆగినది. ఒక విద్యార్థికి కులధ్రువపత్రము రేపటిలోగా కావలెను. ఒకరి కూతురు పెండ్లియై యేడాదియైనను కళ్యాణలక్ష్మి చెక్కు రాలేదు. పది గంటలకు వీరిలో నలుగురిని వెంటబెట్టుకొని తహసీలు కచేరికి నడచును. మధ్యాహ్నము కరెంటు స్తంభము వంగినదని విద్యుచ్ఛాఖవారి కడకు పోవును. అటనుండి బొగ్గు కంపెనీ కార్యాలయమునకు. అచట కంపెనీ నేలలో ఇల్లు కట్టుకొనిన బీదవారి పట్టాల గొడవ.

సాయంకాలము మూడు పెండ్లిండ్లు, ఒక దశదినకర్మ. పోకున్నచో "ఓట్లకు వచ్చినాడు గాని అక్షతలకు రాలేద"ని నింద. రాత్రి ఇరుగుపొరుగు వారి గోడ తగవు, ఆ పిమ్మట ఒక భార్యాభర్తల తగవు, దానివెంట పోలీసు ఠాణా. పండుకొనబోవువేళకు ఎవరికో గుండెనొప్పి. బండి కుదిర్చి ఖమ్మము ఆసుపత్రికి పంపవలెను. ఇంత చేసి పడకపై వ్రాలినవానిని మఱునాడు తెల్లవాఱకమునుపే ఫోను లేపును.

ఇతడు సోమరి యని ఎవరనగలరు? బండచాకిరి చేయువారికైన ఆదివారము కలదు; ఇతనికి లేదు. కాని "ఇతడు చేసినదేమి?" యను ప్రశ్న మాత్రము అట్లే నిలిచియున్నది. ఏలయన, పైని చెప్పిన పనులలో చట్టము ఇతనికి అప్పగించినవి ఎన్ని? రేషను కార్డు పౌరసరఫరాల శాఖది. ధ్రువపత్రములు మీసేవ ద్వారమున తహసీల్దారు ఇయ్యవలసినవి. కళ్యాణలక్ష్మికి విచారణ తహసీల్దారుది, ఆమోదము శాసనసభ్యునిది. కరెంటు స్తంభము హనుమకొండలో కేంద్రకార్యాలయము గల విద్యుత్పంపిణీ సంస్థది. కంపెనీ నేల కంపెనీది. ఆసుపత్రి వైద్యశాఖది. పురపాలక సంఘమునకు నిజముగా చెందినవి నీరు, మోరీ, చెత్త, వీధిదీపము, జననమరణముల నమోదు మున్నగునవి. వీనిలోనైనను జవానును పనిచేయింపవలసినవాడు కమిషనరు. కౌన్సిలరునకు ఆజ్ఞాపించు అధికారము లేదు; బ్రతిమాలుకొను అవకాశము మాత్రము కలదు.

ఇక చట్టము అతనికి అప్పగించిన పనియేమి? సభలో కూర్చుండుట. కార్యక్రమపత్రమును ముందుగా చదివి వచ్చుట. ఏడాది ఆదాయవ్యయముల పట్టికను పంక్తి పంక్తి విప్పి చూచుట. ఏ వీధికి ఏ పనికి ఎంత వెచ్చించిరో, ఎవరికి గుత్త ఇచ్చిరో, పని పూర్తి గాకమునుపే బిల్లు చెల్లించిరేమో అడుగుట. ఆడిటువారు వ్రాసిన అభ్యంతరములకు జవాబెక్కడ అని నిలదీయుట. వార్డు కమిటీలను కూర్చి వారి మాట సభకు చేర్చుట. ఈ పనికి పైని చెప్పిన దినములో ఒక గంట యున్నదా? అర గంటయైన నున్నదా? తెల్లవాఱుజామునుండి అర్ధరాత్రి వఱకును పరుగెత్తిన మనిషికి తాను ఏ పనికొఱకు ఎన్నుకొనబడెనో ఆ పని చేయుటకు మాత్రము తీఱిక లేకపోయెను. లెక్క అడుగువాడు లేనిచోట లెక్క ఎట్లుండునో అంగడి పెట్టినవారికి చెప్పనక్కఱలేదు.

దీనికి బాధ్యులెవరు? అరుగుమీద కాచుకొనియున్న పదిమందిలో అక్షరము రాని వృద్ధురాలిని నేను తప్పు పట్టను. ఆమెకు కచేరి గుమ్మము ఏది, కిటికీ ఏది తెలియదు. తెలిసినను గుమస్తా మాట వినడు. నేను తప్పు పట్టునది చదువు వచ్చియు, దరఖాస్తు వ్రాయుట వచ్చియు, తన ధ్రువపత్రమునకు తాను పోక "కౌన్సిలరును ఒక మాట చెప్పుమనుము" అను గృహస్థుని. వరుసలో నిలుచుట మనకు నామోషి. వరుస తప్పించి లోనికి తీసికొనిపోవు మనిషి మనకు కావలెను. అట్టి మనిషిని బంట్రోతు అందురు. మనము ఓటు వేసి ఎన్నుకొనునది ప్రతినిధిని. ఎన్నుకొనిన మఱునాటినుండి వాడుకొనునది బంట్రోతుగా. అయిదేండ్లు బంట్రోతుగా వాడుకొని, తుదకు "వీడు ప్రతినిధిగా ఏమి చేసినాడు?" అని అడుగుచున్నాము.

సంస్కృతము చదివినవారికి కౌటిల్యుని అర్థశాస్త్రమునందలి నాగరిక ప్రకరణము జ్ఞప్తికి వచ్చును. అందు నగరమున పది, ఇరువది, లేక నలువది కుటుంబములకు ఒక గోపుడు. ఆ యిండ్లలోని స్త్రీపురుషుల జాతి గోత్ర నామములు, వృత్తులు, ఆదాయవ్యయములు సర్వమును అతనికి తెలిసియుండవలెను. నగరము నాలుగు భాగములు, ఒక్కొక్క భాగమునకు ఒక స్థానికుడు, అందఱిపైని నాగరికుడు. వీధిలో మట్టి పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు జరిమానా. బురదనీటితో దారి అడ్డగించినవానికి నాలుగవ వంతు. ఎంత చక్కని యేర్పాటు! ఇందు ఓటు లేదు, సభ లేదు, తీర్మానము లేదు. వీధులు శుభ్రముగనే యుండియుండును. "మంచి అధికారి యొక్కడున్న చాలు"నను మన మిత్రులు కోరునది ఈ గోపునినే.

కాని గోపుడు ఎవరి కన్ను? రాజు కన్ను. ప్రజల యిండ్లలోనికి చూచుటకు రాజు పెట్టిన కన్ను. ప్రతినిధి దీనికి సరిగా ఎదురుదిక్కున నిలుచువాడు. రాజోద్యోగుల బల్లలమీదికి చూచుటకు ప్రజలు పెట్టిన కన్ను. మంచి అధికారి మోరీ తీయించగలడు, కాదనను. మా వాడలో ఏల తీయింపలేదు, మా పన్ను ఎక్కడ పోయెను అని అతనిని అడుగుటకు హక్కు గలవాడు ఒకడుండవలెను గదా. ఆ మంచి అధికారి బదిలీయై పోయి, వాని స్థానమున మంచివాడు గాని యధికారి వచ్చినపుడు ఏమి చేయుదుము? అర్జీ వ్రాసి, జవాబు వచ్చువఱకు కాచుకొనుట తప్ప గతి యేమి? ప్రతినిధి చెడ్డవాడైనచో అయిదవ యేట దింపుదుము. అధికారి చెడ్డవాడైనచో దింపుటకు మనకు నిచ్చెన యెక్కడ?

ఈ వాదము క్రొత్తది గాదు. 1882 మే 18వ తేదీన రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ప్రకటించిన తీర్మానమున ఈ చిక్కునే విప్పి చెప్పెను. స్థానిక సభల మూలమున పని వెంటనే మెఱుగుపడునని ఆయన ఆశపడలేదు. ప్రజలకు రాజకీయ విద్య గఱపుటయే ముఖ్యఫలమని ఆయన భావము. పరదేశపు ప్రభువు గూడ 1882లో గ్రహించిన యీ సంగతిని, స్వతంత్రదేశపు పౌరులము, పట్టభద్రులము, నూట నలువది యేండ్లు గడచిన పిమ్మట మఱచుట తగునా?

ఇతర పట్టణములవారు మఱచినను ఇల్లందువారు మఱవరాదు. ఓటులేని పాలన ఎట్లుండునో ఈ యూరు పుట్టుకనాటినుండి చూచినది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1886లో ఇంగ్లండున నమోదైన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. ఆ సంస్థయే 1920లో ప్రక్కనున్న సింగరేణి గ్రామము పేర సింగరేణి కాలరీస్ కంపెనీ యయ్యెను. ఊరును బొగ్గుట్ట యని పిలుచుట వాడుకయయ్యెను. గని త్రవ్వినవాడు తన వీధికి దీపమెందుకు లేదని అడుగవలెనన్న ఎవరిని అడుగవలెను? కంపెనీ యజమానులు సముద్రముల కావల నుండిరి; నవాబు హైదరాబాదులో నుండెను. దొరవారు దయదలచి చేసిన పని కలదు, చేయని పని కలదు. చేయించుకొన్న పని మాత్రము లేదు. ఆ స్థితినుండి, గనికార్మికుని భార్యయు వార్డు సభ్యురాలై సభలో కూర్చుండి "ఈ బిల్లు చూపుడు" అని అడుగగల స్థితికి ఈ యూరు వచ్చినది. ఆ కుర్చీ ఖాళీయైన దినమున సంతోషించువారు తాము ఏ దొరతనమునకు తలుపు తీయుచున్నారో యోచింపవలెను.

దూరపు చరిత్ర యక్కఱలేదన్నచో పొరుగునకు చూడవచ్చును. 2020లో ఇల్లందునను కొత్తగూడెమునను ఎన్నికలు జరుగుచుండగా, ఇదే భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని పాల్వంచ, మణుగూరు పురపాలక సంఘములకు ఎన్నికలు జరుగలేదు. పట్టణ స్వపరిపాలనమును గూర్చిన రాజ్యాంగ భాగము షెడ్యూల్డు ప్రాంతములకు తనంత తాను వర్తింపదు. పార్లమెంటు చట్టముచే విస్తరింపజేయవలెనని 243-జెడ్‌సి అధికరణము చెప్పుచున్నది. గ్రామముల విషయమున 1996లో పెసా చట్టము వచ్చెను. పట్టణముల విషయమున 2001లో బిల్లు ప్రవేశపెట్టిరి గాని అది చట్టము గాలేదు. ఏజెన్సీలోని కోయల భూమి హక్కులు కాపాడవలసినవే. అందు సందేహము లేదు. కాని ఆ హక్కులను కాపాడుచునే ఎన్నిక జరుపు మార్గము చూపవలసిన పార్లమెంటు మౌనము వహించినందున, గిరిజనునకుగాని, గిరిజనేతరునకుగాని పురసభలో నోరు లేకపోయెను. ఇల్లందువారికి కొన్ని మాసములు తప్పినదానిని పొరుగు పట్టణములవారు ఏండ్ల తరబడి కోరి పొందలేకపోయిరి. కడుపు నిండినవాడు విస్తరి తోసివేసినట్లు మనము మాటాడుట న్యాయమా?

ఇంతవఱకు మనలను నిందించితిని. ప్రభుత్వమును విడుచుటకు వీలులేదు. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పండ్రెండవ షెడ్యూలులో 18 విషయములను పట్టణ సభలకు చెందదగినవిగా పేర్కొనెను. కాని "ఇయ్యవలెను" అనక "ఇయ్యవచ్చును" అనెను. ఆ ఒక్క క్రియాపదములోని సందునుండి రాష్ట్రప్రభుత్వములన్నియు తమకు కావలసినంత జాఱవిడుచుకొనెను. 2019 తెలంగాణ పురపాలక చట్టమును చూడుడు. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు, ఆ బాధ్యత వార్డు సభ్యునిపైనను ఆ వార్డు అధికారిపైనను గలదనియు అది విధించుచున్నది. తప్పినచో పదవికే ముప్పు. సభ్యుని సస్పెండు చేయుటకు, తొలగించుటకు జిల్లా కలెక్టరునకు అధికారమిచ్చుచున్నది. చెట్లు పెంచుట మంచిదే. కాని మొక్క యెండినచో పదవి పోగొట్టుకొనవలసినవానికి, ఆ మొక్కకు నీరు పోయని జవానును మందలించు అధికారమైన నుండవలదా? ప్రజలు ఎన్నుకొన్నవానిని తొలగించుట ప్రజల పనియా, కలెక్టరు పనియా? బాధ్యత యంతయు ఒకని నెత్తిన, అధికారమంతయు వేఱొకని చేత: దీనికి స్వపరిపాలనమని పేరు పెట్టుట భాషకే అన్యాయము.

కోరినచో ఇయ్యవచ్చునని కేరళము చూపినది. 1996 ఆగస్టులో ఆరంభించిన ప్రజాప్రణాళికలో ఆ రాష్ట్రము తన ప్రణాళికా ధనములో నూటికి 35 మొదలు 40 వంతుల వఱకు స్థానిక సభలకు వదలెను. ధనము చేతికి వచ్చినపుడు ప్రతినిధికి చర్చింపవలసిన విషయము కలుగును. చర్చ కలిగినపుడు ప్రజలు సభకు వత్తురు. చేతిలో ధనము లేక, అధికారము లేక, కేవలము కుర్చీ యున్నవాడు పెండ్లిండ్లకు తప్ప మఱి దేనికి పోగలడు?

"అదంతయు సరే. కౌన్సిలర్లు కమీషన్లు తినుట నిజము గాదా?" అని మిత్రులు అడుగుదురు. తినువారు కలరు. వారిని సమర్థించుటకు నాకు నోరు రాదు. ఐతే లెక్క చూడుడు. 2020 ఎన్నికలలో మునిసిపాలిటీ వార్డు అభ్యర్థి వ్యయపరిమితి లక్ష రూపాయలు. ఆ పరిమితి కాగితముపై మాత్రమే నిలుచునని మనకందఱికి తెలియును, ఏలయన పుచ్చుకొన్న చేతులు మన యిండ్లలోనివే. ఇంతకును వార్డు సభ్యుని గౌరవవేతనము నెలకు రెండుమూడు వేల రూపాయలు. అయిదేండ్లకు కలిపినను రెండు లక్షలు గాదు. దినమునకు పదునెనిమిది గంటలు తిరుగుమని, పెట్రోలు తన సొమ్ముతో పోయుమని, ప్రతి పెండ్లికి కట్నము చదివించుమని కోరి, దినకూలికి గిట్టని ధనమిచ్చినచో ఆ పదవికి ఎవరు వత్తురు? ధనవంతుడు వచ్చును, లేక పెట్టినదానికి మూడింతలు లాగదలచినవాడు వచ్చును. పూట గడుపుకొనవలసిన యోగ్యుడు ఇంటనే యుండును. యోగ్యుడు రాకుండ ద్వారము మూసి, వచ్చినవాడు అయోగ్యుడని యేడ్చుట మన యలవాటయ్యెను.

ఆ యేడ్పునకు తగిన దృశ్యము 2024 ఆరంభమున రాష్ట్రమంతట గనబడెను. పురపాలకాధ్యక్షులపై అవిశ్వాస తీర్మానములు వెల్లువెత్తెను. సభ్యులను శిబిరములకు తరలించి, విడుదుల నుంచి, ఓటింగునాటికి తెచ్చిరి. ఇల్లందునకును ఆ గాలి తగిలెను. అయిదేండ్లలో బడ్జెటు దినమున ఇంత హాజరు, ఇంత ఉత్సాహము ఎన్నడైన నుండెనా? లేదు. ఏలయన బడ్జెటు చదువుమని సభ్యుని ఎవరును అడుగలేదు. ఓటు మాత్రము పలువురడిగిరి. మనుష్యునకు విలువ యెచట కట్టబడునో అచటికే వాడు పోవును.

స్త్రీల విషయము వేఱుగా చెప్పవలెను. తెలంగాణమున పురసభలలో సగము స్థానములు స్త్రీలకు చట్టము కేటాయించినది. వీరేశలింగము పంతులుగారి తరమువారు కలలోనైన చూడని సంగతి యిది. కాని గెలిచినది భార్యయైనను, కచేరిలో కుర్చీ భర్తది, ఫోను భర్తది, ఫ్లెక్సీలో పెద్దబొమ్మ భర్తది. ఆమెకు మిగిలినది సంతకము. ఈ దుస్థితికి బంట్రోతుతనమే ముఖ్యకారణమని నా తలంపు. అర్ధరాత్రి ఠాణాకు పోవుట, బండిపై కచేరీలు తిరుగుట కౌన్సిలరు పనియని మనము నిర్ణయించినందున, "ఆడుది ఎట్లు తిరుగగలద"ని భర్త ముందుకు వచ్చెను. పద్దు చదువుట, ప్రశ్న వేయుట, తీర్మానము వ్రాయుట కౌన్సిలరు పనియని నిర్ణయించి చూడుడు. పదవతరగతి వఱకు చదివి, నెల జీతముతో ఇల్లు నడిపి, పాలవాని లెక్కలో అర్ధరూపాయి తేడా పట్టుకొను గృహిణి ఆ పనికి ఎందులో తక్కువ? ప్రత్యేకించి నీటి వేళలు, మోరీ దుర్గంధము, అంగన్వాడీ గది కప్పు కాఱుట, ఇవి పురుషునికంటె ఆమెకే మిక్కిలి తెలిసిన విషయములు.

ఒకప్పుడు చదువుకొన్నవారు పురసభను హీనముగా చూడలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1904లో రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. రాజగోపాలాచారిగారు 1917లో సేలమునకు, వల్లభభాయి పటేలుగారు 1924లో అహమ్మదాబాదునకు పురాధ్యక్షులైరి. మోరీలును, నీటి గొట్టములును, పన్ను పుస్తకములును చూచుట తమ చదువునకు తక్కువయని వారు తలపలేదు. ప్రకాశంగారు ముఖ్యమంత్రియైనది తరువాతిమాట. మొదట వారు చూచినది ఊరి వీధులను. నేడు మన పట్టభద్రుడు అమెరికా అధ్యక్షుని యెన్నికను గూర్చి గంటసేపు మాటాడును. తన వార్డు సంఖ్య యెంతయని అడిగినచో ఇంటిలోనివారిని పిలుచును.

ఇక కర్తవ్యము. మొదటిది, కాలు కదల్పగలవారు తమ ధ్రువపత్రములకు, కార్డులకు తామే పోవలెను. మీసేవ రసీదు చేతబట్టుకొని వరుసలో నిలుచుట మన దేశసేవలో భాగమనుకొందము. పోలేని వృద్ధులకు, నిరక్షరులకు వాడలోని విద్యార్థులు తోడు పోవుదురుగాక. అందుకు ఓటుతో పనిలేదు. ఇట్లు చేసినచో కౌన్సిలరు దినములో సగము విడుదలయగును. రెండవది, విడుదలయైన ఆ కాలమునకు లెక్క అడుగవలెను. "ఈ నెల సభలో మీరేమి అడిగితిరి? పద్దులో మన వార్డుకెంత?" యను రెండు ప్రశ్నలు నెలకొక్కసారి, మర్యాదగా, విడువక అడుగవలెను. తీర్మానముల ప్రతులు కోరుటకు 2005 సమాచారహక్కు చట్టము మనకు తోడున్నది. మూడవది, 2019 చట్టము ప్రతి వార్డునకు నాలుగు కమిటీలు పెట్టుమన్నది: యువకులది, స్త్రీలది, వృద్ధులది, ప్రముఖ పౌరులది. ఇవి కాగితముపై మాత్రమే నిలిచినచో తప్పు కూర్చుండని మనది. నాలుగవది, గౌరవవేతనము బ్రతుకుటకు చాలునట్లు పెంచుమనియు, సభ్యుని తొలగించు అధికారము కలెక్టరునుండి తీసి న్యాయస్థానమునకో, ఓటర్లకో అప్పగింపుమనియు ప్రభుత్వమును అడుగవలెను. అయిదవది, గడువు తీరిన దినమునకు క్రొత్త సభ సిద్ధముగా నుండవలెను. ఒక్క దినము ఆలస్యమైనను పట్టణము అల్లరి చేయవలెను. శాసనసభ ఎన్నిక ఒక యేడు ఆగినచో ఊరకుందుమా? పురసభకు వేఱు న్యాయమేల?

చివరికి పెండ్లిండ్ల మాట. కౌన్సిలరును పెండ్లికి పిలువవలదని నేననను. పిలువుడు, భోజనము పెట్టుడు. రాలేకపోయి "నేడు బడ్జెటు సభ యున్నద"ని చెప్పి పంపినచో కోపపడక, ఇంటిలోని పిల్లలను పిలిచి ఆ మాట వారికి వినిపింపుడు. ప్రతినిధి యనగా నేమో పాఠ్యపుస్తకముకంటె ఆ ఒక్క మాట వారికి బాగుగా తెలియజెప్పును.